మనోహర్ ఐచ్: 4 అడుగుల 11 అంగుళాల మనిషి మిస్టర్ యూనివర్స్ ఎలా అయ్యాడు?

గాజువాక శీను

అందరికీ నమస్కారం. మా జిమ్ గోడల నిండా ఆర్నాల్డ్, రోనీ కోల్‌మన్ పోస్టర్లే. మన దేశం నుంచి పాతకాలంలో బాడీబిల్డర్లు ఎవరైనా ఉన్నారా అని వెతుకుతుంటే మనోహర్ ఐచ్ పేరు తగిలింది. చదివిన కొద్దీ ఇంకా చదవాలనిపిస్తోంది. నాకు దొరికింది ముందు పెడతాను, మిగతాది మీరు అందుకోండి.

పుట్టింది 1912 మార్చి 17న, కొమిల్లా జిల్లా ధామ్తి అనే పల్లెలో. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. పన్నెండేళ్లప్పుడు కాలా అజార్ అనే జ్వరం వచ్చి చావు తప్పి బయటపడ్డాడు. ఒంట్లోకి సత్తువ రావాలని మొదలుపెట్టిన కసరత్తు ఇక జీవితాంతం వదల్లేదు. ఢాకాలో జూబిలీ స్కూల్లో చదువుకునేటప్పుడు ఇతని విన్యాసాలు చూసి మెజీషియన్ పి.సి. సర్కార్ తన ప్రదర్శనల్లోకి తీసుకున్నాడు. 1942లో బ్రిటిష్‌వాళ్ల రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో వ్యాయామ శిక్షకుడిగా చేరాడు. అక్కడే రూబ్ మార్టిన్ అనే ఆఫీసరు ఇతన్ని బరువుల దగ్గరికి తీసుకెళ్లాడు. తర్వాత ఇంకో తెల్ల ఆఫీసరు మనవాళ్ల గురించి నోరు పారేసుకుంటే చెంప పగలగొట్టాడు. దాంతో జైలు.

ఆలీపూర్ ప్రెసిడెన్సీ జైల్లో ఏ పరికరమూ లేకుండా, ఒక్కోసారి రోజుకి 12 గంటలు కసరత్తు చేసేవాణ్ని అని ఆయనే చెప్పుకున్నాడు. అది చూసి జైలువాళ్లే ప్రత్యేకంగా తిండి పెట్టించారట. స్వాతంత్ర్యం వచ్చాక విడుదల. 1950లో మిస్టర్ హెర్క్యులిస్ టైటిల్. 1951లో లండన్ మిస్టర్ యూనివర్స్ బాడీబిల్డింగ్ పోటీలో రెండో స్థానం, 1952లో గెలుపు. అప్పటికి వయసు 40. 2016 జూన్ 5న కలకత్తాలో పోయాడు, 104 ఏళ్లు బతికి.

ఇంత ఆసక్తి ఎందుకంటే, నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. "స్టేజీ మీద నువ్వు ఆనవు, పవర్‌లిఫ్టింగ్‌కి పో" అంటాడు మా కోచ్. ఐచ్ నాకంటే రెండంగుళాలు పొట్టి. ఆ రోజుల్లో ఏం చేసి పెంచారు ఆ కండలు? 12 గంటల మాట నమ్మొచ్చా?

తాలింఖానా మాస్టారు

శీను బాబూ, మంచి మనిషిని తవ్వి తీశావు. మా నాన్నగారు విజయనగరంలో తాలింఖానా, అంటే పాతకాలపు వ్యాయామశాల, నడిపేవారు, నేనూ ఆ మట్టిలో పెరిగినవాణ్నే. ఐచ్ చిన్నప్పుడు చేసినవి దండీలు, బస్కీలు, కాళ్లు ఎత్తి దించడం లాంటివే. ఆ రోజుల్లో బెంగాల్లో ఐనా మన దగ్గరైనా కుర్రాళ్లకి మొదట చేతికి అందేది అదే సరంజామా. అంటే, ఏమీ లేకపోవడం!

ఇప్పటి పిల్లలు దండీ అంటే పుషప్పే కదా అంటారు. కాదు. చేతులు, పాదాలు నేల మీద ఆనించి నడుం పైకి లేపాలి. అక్కణ్నుంచి మోచేతులు వంచుతూ రొమ్ముని రెండు అరచేతుల మధ్య నుంచి నేలకి బెత్తెడు ఎత్తులో ముందుకి తీసుకెళ్లి, పాము పడగ విప్పినట్టు తల పైకి లేపాలి. మళ్లీ వెనక్కి. భుజం, రొమ్ము, వెన్ను, నడుం అన్నీ ఒకే ఊపులో పని చేస్తాయి. గట్టి కుర్రాళ్లకి కూడా మొదటి రోజు ఇరవై దాటేసరికి భుజాలు వణుకుతాయి. బస్కీ అంటే మడమలు లేపి గొంతుక్కూర్చుని లేవడం, చేతుల ఊపుతో సహా. మా నాన్నగారి దగ్గర ఈ రెండూ వందల్లో చేశాకే సంగిడి రాయి (బలం కోసం ఎత్తే బరువైన రాయి) ముట్టుకోనిచ్చేవారు.

కాబట్టి జైల్లో పరికరాలు లేవన్నది ఐచ్‌కి పెద్ద లోటు కాదు. పునాది అంతకుముందే పడింది.

లిఫ్టర్ కిరణ్

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. 12 గంటలు అనేది పక్కా బిల్డప్. నేను గంటన్నర స్క్వాట్ (భుజాల మీద బరువు పెట్టుకుని కూర్చుని లేవడం) సెషన్ చేస్తే మర్నాడు మెట్లు దిగలేను. జైలు తిండి తింటూ రోజుకి 12 గంటలు చేస్తే కండ పెరగదు, ఉన్నది కరిగిపోద్ది.

ఇంకోటి. నెట్‌లో ఎక్కడ చూసినా ఛాతీ 54 అంగుళాలు అని రాస్తున్నారు. ఆ కాలపు అమెరికా బాడీబిల్డర్ స్టీవ్ రీవ్స్ 6 అడుగుల 1 అంగుళం మనిషి, ఆయన ఛాతీ 52 అని చెప్పుకునేవాళ్లు. 4 అడుగుల 11 అంగుళాల మనిషికి 54 ఎక్కణ్నుంచి వస్తుంది? టేపు ఎవరు పట్టుకున్నారో!

మూడోది అసలు ప్రశ్న. 1952 మిస్టర్ యూనివర్స్ లిస్టు తీస్తే పైన ఐచ్ పేరు ఉండదు. ఎవరైనా వివరం చెప్తారా?

పాత పేపర్ మురళి

కిరణ్ గారి మూడో ప్రశ్నకి నేను చెప్తాను. ఇక్కడ చాలామంది తికమక పడతారు.

లండన్‌లో మిస్టర్ యూనివర్స్ పేరుతో పోటీ 1948లో, ఒలింపిక్స్ జరిగిన ఆగస్టు నెలలోనే మొదలైంది. స్కాలా థియేటర్‌లో. అమెరికా నుంచి వచ్చిన జాన్ గ్రిమెక్ గెలిచాడు, స్టీవ్ రీవ్స్ రెండోవాడు. 1950 నుంచి నాబా అనే బ్రిటిష్ సంఘం నడిపింది. ఆ ఏడు రీవ్స్ మొదటివాడు, ఇంగ్లండు కుర్రాడు రెగ్ పార్క్ రెండోవాడు. 1951లో పార్క్ గెలిచాడు. అదే 1951లో మన బెంగాలీ మనోతోష్ రాయ్ ఎత్తు ప్రకారం విడగొట్టిన మూడో గ్రూపులో మొదటివాడు.

అసలు కిటుకు ఇక్కడుంది. పోటీదారులని ఎత్తుని బట్టి గ్రూపులు చేస్తారు. ఒక్కో గ్రూపుకి ఒక విజేత, వాళ్లందరి మీదా ఒక మొత్తం విజేత. 1952 నుంచి ప్రొఫెషనల్స్, అమెచ్యూర్స్ అని కూడా విడదీశారు. ఆ ఏడు ప్రొఫెషనల్స్‌లో మొత్తం విజేత హువాన్ ఫెర్రెరో, అమెచ్యూర్స్‌లో ఈజిప్టుకి చెందిన మొహమ్మద్ నస్ర్. ఐచ్ గెలిచింది ప్రొఫెషనల్స్‌లో పొట్టివాళ్ల గ్రూపు. మన పేపర్లు గ్రూపు మాట ఎగరగొట్టి "మిస్టర్ యూనివర్స్" అని మాత్రం అచ్చేశాయి. ఆ రోజుల్లో అందరూ అలాగే చెప్పుకునేవాళ్లు, ఒక్క మనవాళ్లే కాదు.

లిఫ్టర్ కిరణ్

చూశారా! గ్రూపు విజేత. అదీ సంగతి.

అనకాపల్లి బెల్లం

కిరణ్ బ్రో, నువ్వు మీ కాలనీ గ్రూపు పోటీల్లో అయినా గెలిచావా, ఊరికే అడుగుతున్నా 😀

తాలింఖానా మాస్టారు

కిరణ్ బాబూ, బాక్సింగ్‌లో ఫ్లైవెయిట్ ఛాంపియన్‌ని "నువ్వు హెవీవెయిట్‌ని కొట్టలేదు కదా, నీది గెలుపే కాదు" అంటామా? దేశం నుంచి అంత దూరం వెళ్లి నలభయ్యో ఏట అక్కడి స్టేజీ ఎక్కి తన వరసలో అందర్నీ దాటాడు. నా లెక్కలో అది చాలు.

డాలస్ సుధ

నేను ఫిజియోథెరపిస్టుని. శీను గారి ప్రశ్నలు రెండూ మంచివి కాబట్టి కొంచెం పెద్ద సమాధానమే రాస్తున్నా.

ముందు కాలా అజార్ సంగతి. ఇసుక ఈగ కాటు వల్ల వచ్చే జబ్బు ఇది. ప్లీహం ఉబ్బిపోతుంది, రక్తం పడిపోతుంది. పొట్ట ముందుకొచ్చి కాళ్లూ చేతులూ పుల్లల్లా అయిపోతాయి. వైద్యం లేకపోతే దాదాపు ప్రాణాంతకమే. కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి యూరియా స్టిబమైన్ అనే మందు కనిపెట్టింది 1920ల మొదట్లో, అంటే ఐచ్‌కి జబ్బు చేయడానికి కొద్దికాలం ముందే. "కసరత్తుతో కాలా అజార్ నయం చేసుకున్నాడు" అని కొందరు రాస్తున్నారు, అలా ఫార్వర్డ్ చేయకండి. కసరత్తు జబ్బుని తగ్గించదు. జబ్బు తినేసిన ఒంటిని మళ్లీ కట్టుకోవడానికి పనికొస్తుంది. ఐచ్ విషయంలో అంతే జరిగింది, అదే చాలా గొప్ప.

ఇక 12 గంటలు. కిరణ్ గారు బార్‌బెల్ లెక్కలో ఆలోచిస్తున్నారు. 150 కిలోలతో స్క్వాట్ 12 గంటలు ఎవరూ చేయలేరు. కానీ జైలు గదిలో ఉన్న మనిషి పొద్దున లేచి ఒక విడత దండీలు తీసి, కాసేపు కూర్చుని, మళ్లీ బస్కీలు, మళ్లీ విశ్రాంతి, ఇలా పొద్దుగూకేదాకా గడిపితే? మొత్తం వ్యవధి 12 గంటలు కావచ్చు, అందులో కండరం నిజంగా కష్టపడింది తక్కువే ఉంటుంది. పైగా ఆయన "ఒక్కోసారి" అన్నాడు, ప్రతిరోజూ అనలేదు.

తేలిక బరువుతో కండ పెరగదన్న మాట కూడా నిలబడదు. ఇక చేయలేను అన్న చోటు దగ్గర్లోకి వెళ్లేదాకా లాగితే, ఎక్కువ రెప్స్‌తో (అదే కదలికని ఎక్కువసార్లు చేయడంతో) కూడా కండరం పెరుగుతుంది. గరిష్ఠ బలం మాత్రం బరువులతోనే బాగా వస్తుంది. ఐచ్‌కి రెండూ కలిసొచ్చాయి: ముందు ఒంటి బరువుతో ఏళ్ల తరబడి సాధన, తర్వాత ఎయిర్ ఫోర్స్‌లో ఇనుము.

పొట్టివాళ్ల సంగతి: ఎముక పొడుగు తక్కువైతే అదే కండ దాని మీద గుండ్రంగా, నిండుగా కనిపిస్తుంది. ఫొటోల్లో ఐచ్ భుజాలు, తొడలు చూడండి. శీను గారూ, మీ కోచ్ చెప్పింది సగమే నిజం. ఆరడుగుల వాళ్ల పక్కన నిలబడితే ఆనకపోవచ్చు. అందుకే కదా ఎత్తు గ్రూపులు పెట్టింది.

లిఫ్టర్ కిరణ్

సుధ గారూ, "మొత్తం వ్యవధి" అంటే ఒప్పుకుంటా. 54 అంగుళాలకి మాత్రం ఒప్పుకోను 😄

డాలస్ సుధ

దానికి నన్ను లాగకండి. ఊపిరి నిండా పీల్చి, వీపు కండరాలు రెక్కల్లా విప్పి, టేపు వదులుగా పట్టుకుంటే ఎవరికైనా నాలుగైదు అంగుళాలు కలిసొస్తాయి. ఆ కాలపు కొలతలన్నీ అలాంటివే, రీవ్స్‌వి కూడా.

ఖరగ్‌పూర్ రావు

బాబోయ్, ఇంత మంచి థ్రెడ్ ఇంత ఆలస్యంగా చూశానేంటి! మా తాత రైల్వే ఉద్యోగానికి శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కాబట్టి ఒక కాలు మన దగ్గర, ఒక కాలు బెంగాల్లో.

బెంగాల్లో వ్యాయామ సమితి అంటే వట్టి జిమ్ కాదు. పేటలో కుర్రాళ్లంతా చేరే చోటు. స్వదేశీ రోజుల్లో అక్కడే కర్ర తిప్పడం, కుస్తీ, రహస్య సమావేశాలు అన్నీ. "బెంగాలీవాళ్లు ఒంట్లో సత్తువ లేనివాళ్లు" అని తెల్లవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు కదా, దానికి జవాబు చెప్పాలనే పట్టుదల. పరమహంస యోగానంద తమ్ముడు విష్ణుచరణ్ ఘోష్ కలకత్తాలో 1923లో వ్యాయామ కళాశాల పెట్టాడు. యోగాసనాలు, బరువులు, కండలు ఒక్కొక్కటిగా ఆడించడం అన్నీ కలిపి నేర్పేవాడు. మనోతోష్ రాయ్ ఆయన శిష్యుడే. ఐచ్ పెరిగిన గాలి అది. ఆఫీసరు చెంప మీద కొట్టడం కూడా అందులోంచే వచ్చిందనుకుంటా.

మన తెలుగువాళ్లకి ఇందులో వాటా ఉంది, ఎవరూ చెప్పలేదేం? వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు సర్కస్ పెట్టి దేశమంతా తిరిగినప్పుడు కలకత్తాలో ఒక కుర్రాడు ఆయన ప్రదర్శనలు చూసి ఆ సర్కస్‌లోనే చేరిపోయాడు. తర్వాత భీమ్ భవానీగా పేరుపొందిన భవేంద్రమోహన్ సాహా ఆయనే. రామ్మూర్తి గారితో రంగూన్, సింగపూర్, జావా తిరిగొచ్చాడు. ఏనుగుని గుండె మీద ఎక్కించుకోవడం, కారు ఆపడం, గొలుసులు తెంపడం అన్నీ ఈ గురుశిష్యుల మధ్య నడిచిన విద్యలే. ఐచ్ పి.సి. సర్కార్ పక్కన చేసినవి ఆ తోవలో వచ్చినవే: కత్తి మొనల మీద పొట్ట ఆనించి పడుకోవడం, మెడతో ఇనుప కడ్డీ వంచడం, 1500 పేజీల పుస్తకం చేత్తో చింపడం.

తాలింఖానా మాస్టారు

రావు గారూ, కడుపు నిండింది. రామ్మూర్తి నాయుడు గారు కూడా మా విజయనగరంలోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. మద్రాసు సైదాపేటలో ట్రైనింగ్ అయి వచ్చాక. ఆయన శాకాహారి. ప్రాణాయామం లేకుండా ఏ విద్యా చేసేవారు కాదని మా నాన్నగారు చెప్పేవారు.

గాజువాక శీను

మెడతో కడ్డీ ఎలా వంచుతారు రావు గారూ? గొంతులో దిగిపోదా?

మోడరేటర్

ఎలా వంచాలో వివరాలు ఇక్కడ వద్దు. కత్తుల విద్య కూడా. చదివి ప్రయత్నించే పిల్లలు ఉంటారు. పుస్తకం చింపడం గురించి రాసుకోండి, అభ్యంతరం లేదు.

లిఫ్టర్ కిరణ్

పుస్తకం చింపడం నాకు తెలుసు, చేతి పట్టు పెంచుకునే మా గ్రిప్ బ్యాచ్‌లో చేస్తాం. పేజీలన్నీ ఒకేసారి చింపరు. అంచుని వేళ్లతో కొద్దిగా విసనకర్రలా జరిపితే మొదటి కాగితాలు ముందు తెగుతాయి, తర్వాతవి వరసగా వస్తాయి. బొటనవేళ్లు దగ్గరగా ఉండాలి, తిప్పుడంతా మణికట్టులో ఉంటుంది. కిటుకు తెలిసినా 1500 పేజీలంటే మామూలు పట్టు చాలదు. ఇందులో మాత్రం ఐచ్‌కి దండం పెడతా.

అనకాపల్లి బెల్లం

హమ్మయ్య. కిరణ్ బ్రో ఒక్కటి ఒప్పుకున్నాడు. థ్రెడ్ మూసేయొచ్చు.

లిఫ్టర్ కిరణ్

అప్పుడేనా! ఇంకో డౌటుంది. ఆ రోజుల్లో స్టెరాయిడ్స్ లేవంటారు. నిజమేనా?

పాత పేపర్ మురళి

కండ పెంచే హార్మోన్ టెస్టోస్టెరాన్‌ని లాబ్‌లో తయారుచేసింది 1935లో. కాబట్టి పదార్థం అసలు లేదనడం తప్పు. కానీ జిమ్ముల్లోకి పాకిన మాత్ర డయానబాల్. సీబా కంపెనీ దాన్ని బజార్లోకి తెచ్చింది 1958లో. అమెరికా వెయిట్‌లిఫ్టర్లకి డాక్టర్ జాన్ జీగ్లర్ ఇవ్వడం, అక్కణ్నుంచి బాడీబిల్డర్లకి అంటుకోవడం ఆ తర్వాతి కథ. ఐచ్ గెలిచింది 1952లో. అంతకుముందు జైలు, విడుదలయ్యాక సియాల్దా స్టేషన్ దగ్గర కొబ్బరికాయలు అమ్ముకున్న రోజులు. పూట గడవడమే గగనం అయినవాడు యూరప్ నుంచి హార్మోన్ ఇంజెక్షన్లు తెప్పించుకున్నాడంటే నేను నమ్మను.

అప్పటి ఫొటోలు పక్కన పెట్టుకుని చూస్తే ఒకటి తెలుస్తుంది. రీవ్స్, పార్క్, ఐచ్ ముగ్గురిలోనూ నడుం సన్నం, భుజం వెడల్పు, పొట్ట లోపలికి. ఇప్పటి స్టేజీ మీద కనిపించే ఉబ్బిన పొట్టలు లేవు. రీవ్స్ మెడ, చెయ్యి, పిక్క మూడూ పద్దెనిమిదిన్నర అంగుళాలే ఉండేలా చూసుకునేవాడు. సమతూకం అంటే అంత పిచ్చి.

స్వప్న కరీంనగర్

నాకు కండల గోల తెలీదు గానీ ఆయన ఏం తినేవాడో ఎవరూ చెప్పట్లేదు. మా తమ్ముడు ప్రొటీన్ డబ్బాకి నెలకి ఇంటి కరెంటు బిల్లు కంటే ఎక్కువ తగలేస్తున్నాడు. అందుకే అడుగుతున్నా.

ఖరగ్‌పూర్ రావు

అమ్మా, దీనికి నేనున్నాను. అన్నం, పప్పు, కూరగాయలు, చేపలు, పళ్లు, పాలు. అంతే. నూరేళ్లు నిండినప్పుడు పేపర్లవాళ్లు అడిగితే ఆయన చెప్పిన లిస్టు ఇదే. సిగరెట్టు, మందు ముట్టలేదు. ఇంకోటి, పాంతా భాత్. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి పొద్దున్న ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తింటారు. మన చద్దన్నమే. ఆ గంజి నీళ్లు ముగ్గురు మొనగాళ్ల బలం అని బెంగాలీ సామెత, ఐచ్‌కి చాలా ఇష్టమైన మాట.

స్వప్న కరీంనగర్

చద్దన్నం తిని మిస్టర్ యూనివర్సా! ఈ ముక్క మా తమ్ముడికి పంపిస్తున్నా.

డాలస్ సుధ

స్వప్న గారూ, పంపించే ముందు ఒక్క మాట. చద్దన్నం పులవడం వల్ల అరుగుదలకి మంచిది, ఎండల్లో ఒంటికి చలవ. కానీ రాత్రికి రాత్రి అన్నంలో ప్రొటీన్ పుట్టదు. కండకి కావలసింది ఐచ్‌కి చేపల్లోంచి, పప్పులోంచి, పాలలోంచి వచ్చింది. తమ్ముడు గుడ్లు, పెరుగు, చేపలు, పప్పు సరిగ్గా తింటుంటే డబ్బా లేకపోయినా నష్టం లేదు. అది మానేసి చద్దన్నం ఒక్కటే తింటే మాత్రం నన్ను తిట్టుకుంటాడు.

స్వప్న కరీంనగర్

సగమే పంపిస్తా అయితే 😂

గాజువాక శీను

1951లో రెండో స్థానం వచ్చాక ఏం చేశాడు? ఇండియా వచ్చి మళ్లీ వెళ్లాడా?

పాత పేపర్ మురళి

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చే ఘట్టం అదే. రాలేదు. లండన్‌లోనే ఆగిపోయాడు. బ్రిటిష్ రైల్వేలో ఉద్యోగం చూసుకుని, ఆ జీతంతో బతుకుతూ, మిగిలిన టైమంతా సాధన చేసి మరుసటేడు అదే పోటీలో దిగాడు. పదేళ్ల క్రితం తెల్ల ఆఫీసరుని కొట్టి జైలుకెళ్లిన మనిషి, ఆ తెల్లవాళ్ల ఊళ్లోనే పని చేసుకుంటూ వాళ్ల స్టేజీ మీదే గెలిచాడు.

1951, 52 నాటి లండన్ అంటే ఎలాంటిదో కూడా గుర్తు పెట్టుకోండి. యుద్ధం ముగిసి ఆరేళ్లు దాటినా మాంసం, పంచదార, వెన్న ఇంకా రేషన్ మీదే. మాంసం రేషన్ 1954 దాకా ఎత్తేయలేదు. రెగ్ పార్క్ 1949లో అమెరికా వెళ్లి నెలల తరబడి ఉండి, అక్కడి తిండీ శిక్షణా చూసి వచ్చాడు. ఐచ్‌కి ఆ వీలు ఎక్కడిది? జీతగాడి తిండితోనే గెలిచాడు.

లిఫ్టర్ కిరణ్

రేషన్ పాయింట్ బాగుంది. దీని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. పార్క్ ప్రోగ్రామ్ మాత్రం మేం ఇప్పటికీ వాడతాం: స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్ లాంటి పెద్ద లిఫ్టులు, అయిదు సెట్లు అయిదేసి రెప్స్. ముందు సెట్లు తేలిగ్గా, తర్వాతవి అసలు బరువుతో. రీవ్స్ అయితే వారానికి మూడు రోజులే, ప్రతిసారీ ఒళ్లంతా, మధ్యలో రోజు విశ్రాంతి. ఇప్పటి కుర్రాళ్లు సోమవారం ఛాతీ, మంగళవారం వీపు అని ముక్కలు చేసుకుని ఆరు రోజులు జిమ్‌లో సెల్ఫీలు దిగుతున్నారు.

శీనూ, నీకు చెప్తా విను. నువ్వు మాస్టారి దండీలు, బస్కీలు పొద్దున్న ఇంట్లో చెయ్. వారానికి మూడు సాయంత్రాలు జిమ్‌లో ఒళ్లంతా చెయ్: స్క్వాట్, ప్రెస్, రో, పులప్. బరువు కొద్ది కొద్దిగా పెంచు. పొట్టివాడికి స్క్వాట్‌లో దిగాల్సిన దూరం తక్కువ, అది నీకు లాభం. ఏడాది తర్వాత ఇక్కడే ఫొటో పెట్టు. మీ కోచ్ మాట అప్పుడు చూద్దాం.

తాలింఖానా మాస్టారు

కిరణ్ బాబూ, ఇది ముందే చెప్పొచ్చు కదయ్యా, ఇంత సేపు నాతో దెబ్బలాడకుండా! ఒక్క సవరణ. దండీలు మొదట్లో పదిహేను చొప్పున మూడు విడతలు చాలు. నడుం నొప్పి ఉంటే అసలు వద్దు. వాకిట్లో చాప వేసుకో శీనూ, టైల్స్ మీద అరిచేతులు జారతాయి.

గాజువాక శీను

అలాగే మాస్టారూ. కిరణ్ అన్నా, థాంక్స్. తర్వాత ఆయన డబ్బులేమైనా చూశాడా? టైటిల్ వచ్చాక?

ఖరగ్‌పూర్ రావు

ఏం డబ్బులు బాబూ! అప్పట్లో మిస్టర్ యూనివర్స్ అయితే కప్పు ఇచ్చేవాళ్లు, ఫొటో వేసేవాళ్లు. రీవ్స్, పార్క్‌లని సినిమావాళ్లు హెర్క్యులిస్ వేషాలకి తీసుకెళ్లారు. 4 అడుగుల 11 అంగుళాల బెంగాలీని ఎవరు తీసుకెళ్తారు? తిరిగొచ్చి ప్రదర్శనలు ఇచ్చాడు, సర్కస్‌లతో ఊళ్లు తిరిగాడు, జిమ్ పెట్టి కుర్రాళ్లకి నేర్పాడు. "పాకెట్ హెర్క్యులిస్" అనే పేరు మిగిలింది. కానీ శిష్యుల్ని చూడండి. సత్యపాల్ ఎనిమిదిసార్లు జాతీయ ఛాంపియన్. ప్రేమ్‌చంద్ డేగ్రా 1988లో 80 కిలోల విభాగంలో మిస్టర్ యూనివర్స్.

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం బంగవిభూషణ్ పురస్కారం ఇచ్చింది 2015లో. గెలిచిన అరవై మూడేళ్లకి. ఆయన బతికున్నాడు కాబట్టి అందుకున్నాడు. ఇంకొకరైతే ఫొటోకి దండేసి ఇచ్చేవాళ్లు.

అనకాపల్లి బెల్లం

మనవాళ్లు మాత్రం తక్కువా? రామ్మూర్తి నాయుడు గారి విగ్రహం వైజాగ్ బీచ్ రోడ్డులో ఉంది. దాని ముందు సెల్ఫీ దిగేవాళ్లని "ఎవరీయన?" అని అడిగి చూడండి.

పాత పేపర్ మురళి

ఇంకో లెక్క ఇక్కడ పెట్టాలి, కిరణ్ గారి కోసం ప్రత్యేకంగా. ఐచ్ 1952తో ఆగలేదు. లండన్ పోటీకి 1955లో మళ్లీ వెళ్లి తన గ్రూపులో మూడో స్థానం, 1960లో నాలుగో స్థానం తెచ్చుకున్నాడు. 1960లో ఆయన వయసు 48.

లిఫ్టర్ కిరణ్

48కి నాలుగోవాడా? డయానబాల్ వచ్చేసిన తర్వాత? కుర్రాళ్ల మధ్యలో?

మురళి గారూ, ఇది నాకు 1952 కంటే పెద్ద గెలుపు. టైటిల్ గోల వదిలేస్తున్నా.

డాలస్ సుధ

నా వైపు నుంచి చివరగా ఒకటి. వృద్ధుల పునరావాసం నా పని కాబట్టి ఇదే నాకు ముఖ్యం. ఆయన చివరి ప్రదర్శన ఇచ్చింది 2003లో, తొంభై దాటాక. 2011లో చిన్న పక్షవాతం వచ్చాక బరువులు ఎత్తడం మానేశాడు. అయినా సాయంత్రాలు కొడుకులు నడిపే జిమ్‌కి వచ్చి కూర్చుని కుర్రాళ్లకి ఎక్కడ తప్పు చేస్తున్నారో చెప్పేవాడు. వందేళ్లప్పుడు రహస్యం ఏంటని అడిగితే, డబ్బుకి ఎంత ఇబ్బంది పడ్డా టెన్షన్ దగ్గరికి రానివ్వలేదు అన్నాడు.

నా దగ్గరికి డెబ్బై ఏళ్లకే కుర్చీలోంచి లేవలేని వాళ్లు వస్తారు. వాళ్ల చేత నేను చేయించేది బస్కీలో పావు వంతు: కుర్చీ అంచు దాకా కూర్చుని లేవడం, చేతులు ఆనించకుండా. మాస్టారూ, మీ వయసెంతో అడగొచ్చా?

తాలింఖానా మాస్టారు

డెబ్బై ఆరు నడుస్తోందమ్మా. దండీలు తగ్గించాను గానీ బస్కీలు రోజూ తీస్తాను. వందల్లో కాదులే.

గాజువాక శీను

మురళి గారూ, మనోతోష్ రాయ్ గురించి కూడా రాస్తారా? ఇక్కడే రాయమంటారా, వేరే థ్రెడ్ తీయమంటారా?

మోడరేటర్

వేరే థ్రెడ్ తీయండి. ఇది పెద్దదైపోయింది, ఫోన్లలో తెరుచుకోవట్లేదని కంప్లైంట్లు వస్తున్నాయి.